ఎగరేయడం సరే.. బ్యాటరీ సంగతేంటి?

డ్రోన్ పైలట్ ఉద్యోగం కోసం మా దగ్గరికి వచ్చేవాళ్లను నేను ముందుగా డ్రోన్ ఎగరేయమని అడగను. స్టోర్ రూమ్‌లోకి తీసుకెళ్తాను. బల్ల మీద నాలుగు బ్యాటరీలు ఉంటాయి. పక్కనే మల్టీమీటరు, సెల్ చెకరు. 'రేపు పొద్దున పొలానికి వెళ్లాలి. వీటిలో ఏవి తీసుకెళ్తావ్? ఏవి పక్కన పెడతావ్? ఎందుకు?' అని అడుగుతాను. పది నిమిషాలు టైమ్.

చాలామంది తెల్లమొహం వేస్తారు. 'ఫుల్ చార్జింగ్ ఉన్నవి తీసుకెళ్తాను సర్' అని ఆగిపోతారు. వాళ్లేం తెలివితక్కువ వాళ్లు కాదు. చేతిలో సర్టిఫికెట్ ఉంటుంది. సిమ్యులేటర్ మీద గంటలకొద్దీ ప్రాక్టీస్ చేసి ఉంటారు. ఎనిమిది ఆకారంలో డ్రోన్ తిప్పమంటే గుక్క తిప్పుకోకుండా తిప్పేస్తారు. కానీ బ్యాటరీ చేతికిస్తే మాత్రం అది వాళ్లకు ఒక నల్లడబ్బా. అంతే.

ఈ వ్యాసం ఆ నల్లడబ్బా గురించే. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. డ్రోన్ రంగంలో ఉద్యోగం తెచ్చిపెట్టేది సర్టిఫికెట్ కావచ్చు. ఆ ఉద్యోగాన్ని నిలబెట్టేది మాత్రం బ్యాటరీని చూసుకునే అలవాటు. దాన్ని మనం శిక్షణలో, ఇంటర్వ్యూల్లో, రెజ్యూమెల్లో చిన్నచూపు చూస్తున్నాం. ఆ నష్టం ముందుగా తగిలేది కొత్తగా వచ్చే కుర్రాళ్లకే.

అందరి దగ్గరా ఒకే కాగితం

2021 ఆగస్టులో డ్రోన్ రూల్స్ వచ్చాక ఈ రంగంలోకి అడుగుపెట్టడం తేలికైంది. పదో తరగతి పాసై, 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు ఉండి, డీజీసీఏ గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ పూర్తిచేస్తే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ వస్తుంది. అది పదేళ్లు చెల్లుతుంది. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, ఏవియేషన్ అకాడమీలు, ప్రైవేటు సంస్థలు శిక్షణ ఇస్తున్నాయి. మంచిదే. కానీ పదిమంది అభ్యర్థుల దగ్గరా అదే కాగితం ఉన్నప్పుడు మిమ్మల్నే ఎందుకు తీసుకోవాలి? ఈ ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండాలి.

ఒక్కసారి కేంద్ర ప్రభుత్వ 'నమో డ్రోన్ దీదీ' పథకం చూడండి. 15,000 మహిళా స్వయం సహాయక సంఘాలకు వ్యవసాయ డ్రోన్లు ఇవ్వాలన్నది లక్ష్యం. ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల వరకు కేంద్రం భరిస్తుంది. ఇది చాలామందికి తెలుసు. ఆ ప్యాకేజీలో ఏమేం ఉన్నాయో చదివినవాళ్లు తక్కువ. డ్రోన్‌తో వచ్చే బ్యాటరీ సెట్టు కాక, అదనంగా మరో నాలుగు సెట్లు ఇస్తారు. రెండు చానళ్ల ఫాస్ట్ చార్జరు, చార్జింగ్ హబ్ ఇస్తారు. రోజుకు 20 ఎకరాల వరకు మందు కొట్టాలంటే ఇన్ని సెట్లు కావాలని మార్గదర్శకాలే చెబుతున్నాయి. పైలట్‌తో పాటు డ్రోన్ అసిస్టెంటుకూ శిక్షణ ఉంటుంది. ఆ అసిస్టెంటుగా కరెంటు సామాన్ల రిపేరు మీద, ఫిట్టింగ్ పనుల మీద ఆసక్తి ఉన్న కుటుంబసభ్యుల్ని ఎంచుకోవాలని కూడా అందులో ఉంది.

దీని అర్థం ఏంటి? ఒక్క డ్రోన్ వెనక ఐదు సెట్ల బ్యాటరీలు. పైలట్ గట్టు మీద నిలబడి ఎగరేసేది ఒక్క సెట్టునే. మిగతా నాలుగింట్లో ఒకటి చార్జింగ్‌లో ఉంటుంది, ఒకటి చల్లారుతుంటుంది, మిగిలినవి వంతు కోసం చూస్తుంటాయి. ఆ నాలుగింటినీ ఎవరు చూస్తున్నారన్న దాని మీదే ఆ సంఘం సంపాదన ఆధారపడి ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం

లెక్క సులువుగా ఉండటానికి కొన్ని అంకెలు అనుకుందాం. బ్యాటరీ సెట్టు ఖరీదు 50,000 రూపాయలు. ఒక చార్జింగ్‌తో ఒక ఎకరం. రైతు దగ్గర ఎకరానికి తీసుకునేది 400 రూపాయలు. మీ ఊళ్లో అంకెలు కొంచెం అటూ ఇటూ ఉంటే వాటినే పెట్టి చూసుకోండి, కథ మారదు.

జాగ్రత్తగా వాడితే ఆ సెట్టు 300 సార్లు చార్జింగ్ అయ్యిందనుకుందాం. 50,000ను 300తో భాగిస్తే ఎకరానికి బ్యాటరీ ఖర్చు సుమారు 167 రూపాయలు. చేతిలో 233 మిగులుతుంది. అదే సెట్టు అశ్రద్ధ వల్ల 150 సార్లకే చచ్చిపోతే ఎకరానికి ఖర్చు 333 అవుతుంది. మిగిలేది 67 రూపాయలు. అందులోంచే జనరేటర్ పెట్రోలు, బండి, హెల్పర్ కూలి, బ్యాంకు వాయిదా, మీ జీతం.

ఎకరానికి 233 మిగిలే చోట మీకు జీతం పెరుగుతుంది. 67 మిగిలే చోట వచ్చే సీజనుకు మీ కొలువే ఉండదు. పైలట్ వేళ్లు రెండు చోట్లా ఒకేలా కదిలాయి. తేడా అంతా స్టోర్ రూమ్‌లో జరిగింది.

అప్పు చేసి సొంతంగా డ్రోన్ కొనాలనుకునే వాళ్లకైతే ఈ లెక్క ఇంకా ముఖ్యం. డ్రోన్ ధర చూసి, సబ్సిడీ చూసి ఈఎంఐ లెక్కేసుకుంటారు. రెండో సీజనులో మళ్లీ బ్యాటరీలు కొనాల్సి వస్తుందన్న సంగతి ఆ కాగితం మీద ఉండదు.

గుర్తుంచుకోవాల్సిన మూడు అంకెలు

స్ప్రే డ్రోన్లలో ఎక్కువగా వాడేది లిథియం పాలిమర్ బ్యాటరీ. మేం లైపో అంటాం. ఒక ప్యాక్‌లో కొన్ని సెల్స్ వరసగా కలిపి ఉంటాయి. 6ఎస్ అంటే ఆరు సెల్స్, 12ఎస్ అంటే పన్నెండు. ఒక్కో సెల్‌కు మూడు అంకెలు గుర్తుపెట్టుకోండి. 4.2, 3.8, 3.0.

4.2 వోల్టులు పైకప్పు. సెల్ నిండినట్టు. 12ఎస్ ప్యాక్ నిండితే 50.4 వోల్టులు చూపిస్తుంది. హై వోల్టేజ్ రకాల్లో ఈ పైకప్పు 4.35 వరకు ఉండొచ్చు, అందుకే లేబుల్ చదవకుండా చార్జర్ సెట్ చేయకూడదు. 3.0 గొయ్యి. దానికంటే కిందికి దిగిన సెల్ మళ్లీ పూర్తిగా కోలుకోదు. ఇంకా బాగా కిందికి పోతే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది, తర్వాత చార్జింగ్ పెట్టినప్పుడు అది లోపలే షార్ట్ సర్క్యూట్‌కు దారితీయొచ్చు. 3.8 విశ్రాంతి. 3.8 నుంచి 3.85 మధ్య, అంటే దాదాపు సగం చార్జింగ్‌తో ఉన్నప్పుడు సెల్ మీద ఒత్తిడి తక్కువ. పని లేని రోజుల్లో ఉంచాల్సింది ఇక్కడే.

చాలామందికి మింగుడుపడనిది ఈ మూడో అంకే. ఇన్వర్టర్ బ్యాటరీ ఎప్పుడూ నిండుగా ఉండాలని ఇంట్లో విని పెరిగాం. అది లెడ్ యాసిడ్ రకం, దానికి ఆ పద్ధతి సరిపోతుంది. లైపో గుణం వేరు. నిండుగా ఉన్న సెల్ లోపల, అందులోనూ వేడిలో, ఎలక్ట్రోలైట్ మెల్లగా విడిపోయి గ్యాస్ తయారవుతుంది. ఆ గ్యాసే బ్యాటరీని పూరీలా ఉబ్బిస్తుంది. వాడితే అరుగుతుందని అందరికీ తెలుసు. వాడకుండా ఫుల్‌గా ఉంచినా అరుగుతుందని తెలిసినవాడే పనిమంతుడు.

పొలంలో చార్జింగ్

పొద్దున తొమ్మిదింటికల్లా పని ముగించాలని రైతు తొందరపెడతాడు. 'ఏం బాబూ, ఇంకా ఎంతసేపు? గాలి లేచిందంటే మందంతా పక్క చేలో పడుతుంది' అంటాడు. ఆయన మాట నిజమే. కానీ ఆ తొందరలోనే బ్యాటరీలు చస్తాయి.

మొదటి తప్పు, దిగీదిగగానే వేడివేడిగా చార్జింగ్ పెట్టడం. చేత్తో పట్టుకుంటే చురుక్కుమంటోందంటే దానికి ఇంకా టైమ్ ఇవ్వాలి. నీడలో, గాలి తగిలే చోట పెట్టి మామూలు వేడికి వచ్చాకే చార్జర్‌కు కలపాలి. చాలా ప్యాక్‌లకు చార్జింగ్ పెట్టేటప్పుడు ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటకూడదంటారు తయారీదారులు. మన మే నెలలో గట్టు మీద గాలే అంత ఉంటుంది. అందుకే చెట్టు నీడ, గొడుగు, చిన్న ఫ్యాన్ అనేవి సోకు కాదు, పనిముట్లే.

రెండోది, కరెంటు మరీ ఎక్కువ పెట్టడం. 16,000 ఎంఏహెచ్ ప్యాక్‌ను 16 ఆంపియర్లతో చార్జ్ చేస్తే దాన్ని 1సి అంటాం, సుమారు గంట పడుతుంది. 32 ఆంపియర్లు పెడితే దాదాపు అరగంట. తయారీదారు 2సి వరకు పర్వాలేదని రాసి ఉంటే తప్పనిసరైనప్పుడు వాడండి. రోజూ అదే పద్ధతైతే ఆ వేగానికి ధర బ్యాటరీ ఆయుష్షులోంచి కడుతున్నట్టే. ఇంకో సెట్టు ఉంటే తొందర తగ్గుతుంది. ఉన్న సెట్లను వంతుల వారీగా నడపడం తెలిసినవాడు 1సితోనే రోజంతా పని లాగించేస్తాడు.

మూడోది, బ్యాలెన్స్ వైరు కలపకుండా చార్జ్ చేయడం. ప్యాక్ మొత్తం వోల్టేజి బాగానే కనిపిస్తుంది. లోపల ఒక సెల్ 4.25కి ఎక్కి, పక్కది 4.1 దగ్గరే ఆగి ఉండొచ్చు. ఎక్కువ ఎక్కినది ఉబ్బుతుంది, వెనకబడినది గాల్లో ముందుగా పడిపోతుంది. సెల్స్ మధ్య తేడా 0.05 వోల్టులు దాటితే నేను ఆ ప్యాక్ మీద కన్నేసి ఉంచుతాను. 0.1 దాటితే ఎగరనివ్వను. అది మా దగ్గర నియమం.

నాలుగోది, బ్యాటరీ పూర్తిగా పిండేయడం. ట్యాంకులో ఇంకో లీటరు మందుంది కదా, ఆ మూల కూడా కొట్టేద్దాం అనుకుంటారు. దిగేసరికి కనీసం 20 శాతం మిగలాలి. ఆ మూల కొట్టినందుకు వచ్చే డబ్బు ఎంత, డ్రోన్ మిరపతోటలో కూలితే పోయేది ఎంత?

ఇంకొక చిన్న సంగతి. మందు తుంపర్లు ప్లగ్గుల మీద పడి ఆరిపోతాయి. పిన్నులు నల్లబడతాయి, పట్టు వదులవుతుంది, అక్కడ వేడి పుడుతుంది. ప్రతి రౌండు తర్వాత పొడిగుడ్డతో తుడవాలి. నీళ్లతో కడగకూడదు. దీనికి డిగ్రీ అక్కర్లేదు, ఓపిక కావాలి.

వేసవిలోనే అసలు పరీక్ష

బ్యాటరీలు ఎక్కువగా పాడయ్యేది సీజన్‌లో అనుకుంటాం. నా అనుభవంలో పని లేనప్పుడే ఎక్కువ పాడయ్యాయి.

మొదటి ఏడాది నేనే చేశాను ఆ తప్పు. పల్నాడులో రబీ పనులు అయిపోయాయి. చివరి రోజు సాయంత్రం అలవాటు ప్రకారం అన్ని బ్యాటరీలూ ఫుల్ చార్జ్ చేయించి, రేకుల గదిలో అలమరలో పెట్టి తాళం వేశాను. రెంటచింతల ఎండల సంగతి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. రేకుల కింద ఆ గది పొయ్యిలా ఉండేది. జూన్ చివర్లో తలుపు తీసేసరికి ఎనిమిదింట్లో ఐదు ఉబ్బిపోయి ఉన్నాయి. ఒక్క ఎకరం కూడా కొట్టకుండానే ఐదు బ్యాటరీలు పోయాయి. వాటి ఖరీదు ఒక కుర్రాడి కొన్ని నెలల జీతం. నిజంగానే ఆ ఏడాది ఒక కుర్రాణ్ని తీసుకోలేకపోయాను. అతను చేసిన తప్పేం లేదు, తప్పంతా నాది.

అప్పట్నుంచి పద్ధతి మార్చాను. చివరి రౌండ్ అయ్యాక ఏ ప్యాకూ ఫుల్ చార్జింగ్‌కు వెళ్లదు. చార్జర్‌లో స్టోరేజ్ మోడ్ పెడితే సెల్‌కు 3.8 దగ్గర ఆగుతుంది. ఇక్కడొక కిటుకుంది. నిండు బ్యాటరీని చార్జరుతో కిందికి దించాలంటే పెద్ద ప్యాకులకు గంటలు పడుతుంది. వాడి దించిన ప్యాక్‌ను కొంచెం పైకి ఎక్కించడానికి కొన్ని నిమిషాలు చాలు. కాబట్టి రేపు పని ఉందో లేదో తేలేదాకా ఫుల్ చేయకుండా ఉండటమే తెలివి. వర్షం వచ్చి పని రద్దయిందా? నిండు బ్యాటరీలను రెండుమూడు రోజులకు మించి అలా ఉంచొద్దు, స్టోరేజ్‌కు దించేయండి.

ఇక గది. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గది చూసుకోండి. రేకుల షెడ్డు, మేడ మీద గది, ఎండలో నిలిపిన కారు డిక్కీ పనికిరావు. ఫ్రిజ్‌లో పెట్టాలన్న ఆలోచన కూడా వద్దు, తేమ చేరుతుంది. నెలకోసారి తీసి సెల్ చెకరుతో చూసి, కిందికి జారిన వాటిని మళ్లీ 3.8కి తీసుకురావాలి. నెలకు అరపూట పని. ఆ అరపూట పని చేసే మనిషి ఎవరన్నది ఆఫ్ సీజన్‌లో యజమాని చూస్తాడు. సీజన్ అయిపోగానే పైలట్లను ఇంటికి పంపేసే ఈ రంగంలో పన్నెండు నెలలూ జీతం అందుకునే ఒకరిద్దరు సాధారణంగా వాళ్లే.

ఇది ప్రాణాలతో పని

డబ్బు సంగతి అలా ఉంచితే, లైపోను తేలిగ్గా తీసుకుంటే ఇల్లు కాలుతుంది. 12ఎస్, 16,000 ఎంఏహెచ్ ప్యాక్‌లో ఉండే శక్తి సుమారు 710 వాట్ అవర్లు. ఒక ల్యాప్‌టాప్ బ్యాటరీలో ఉండేది వంద లోపే. ఆ శక్తి అంతా కొన్ని నిమిషాల్లో మంటగా బయటికొస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ పొగ విషం.

కాబట్టి హాస్టల్ గదిలో మంచం పక్కన చార్జింగ్ పెట్టి నిద్రపోవడం, చార్జర్ ఆన్ చేసి టిఫిన్‌కు వెళ్లడం వద్దే వద్దు. గచ్చు మీద, చుట్టుపక్కల కాగితాలు, గుడ్డలు, పెట్రోలు డబ్బాలు లేకుండా చార్జ్ చేయాలి. పక్కన ఇసుక బకెట్టు ఉండాలి, ఎదురుగా మనిషి ఉండాలి. ఉబ్బిన ప్యాక్‌కు సూదితో పొడిచి గాలి తీయడం లాంటి ప్రయోగాలు చేసేవాళ్లున్నారు. అది అగ్గిపుల్ల గీయడంతో సమానం. ఉబ్బినది, కిందపడి సొట్టపోయినది ఇక చార్జింగ్‌కు పోకూడదు. ఆరుబయట, మండే వస్తువులకు దూరంగా ఇసుకలో పెట్టి, రీసైకిల్ చేసేవాళ్లకు అప్పజెప్పాలి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం దీన్ని ఇంటి చెత్తలో కలపకూడదు. మంట లేస్తే వీరత్వం వద్దు. మనుషుల్ని దూరం పంపి, 101కి ఫోన్ చేయండి.

మరో విషయం. హైదరాబాద్ నుంచి వేరే రాష్ట్రానికి ప్రాజెక్టు మీద విమానంలో వెళ్లాలంటే కూడా ఈ అంకెలు తెలియాలి. విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే తీసుకెళ్లాలి, చెకిన్ లగేజీలో వేయకూడదు. 100 వాట్ అవర్ల వరకు మామూలుగా అనుమతిస్తారు. 100 నుంచి 160 మధ్య అయితే ఎయిర్‌లైన్ అనుమతితో రెండు మాత్రమే. 160 దాటితే ప్రయాణికుడి వెంట కుదరదు. అంటే స్ప్రే డ్రోన్ బ్యాటరీ మీతో విమానం ఎక్కదు. కొత్త ఉద్యోగంలో మొదటి టూరులోనే ఎయిర్‌పోర్టులో ఆగిపోయి మేనేజరుకు ఫోన్ చేయాల్సి రావడం మంచి ఆరంభం కాదు కదా.

'అది హెల్పర్ పని కదా సర్?'

ఈ మాట ఇంటర్వ్యూల్లో చాలాసార్లు విన్నాను. పైలట్ అంటే కళ్లద్దాలు పెట్టుకుని రిమోట్ పట్టుకునేవాడు, బ్యాటరీ మోసేవాడు హెల్పర్ అన్న భావన మనలో ఉంది. చేతికి మట్టి అంటే పనిని తక్కువగా చూసే పాత అలవాటే ఇది, కొత్త యంత్రం దగ్గరికీ వచ్చి కూర్చుంది. గాల్లో ఉన్న డ్రోన్‌కు బాధ్యుడు పైలట్. అది కూలితే 'హెల్పర్ ఏ బ్యాటరీ పెట్టాడో నాకు తెలీదు' అంటే ఎవరు ఒప్పుకుంటారు?

ఇంకొందరంటారు, 'ఇప్పుడొచ్చేవి స్మార్ట్ బ్యాటరీలు, వాటిని అవే చూసుకుంటాయి' అని. కొంత నిజమే. కొన్ని రకాలు కొన్ని రోజులు వాడకపోతే వాటంతటవే చార్జింగ్ తగ్గించుకుంటాయి, సెల్స్‌ను సరిచూసుకుంటాయి, ఎన్నిసార్లు చార్జ్ అయ్యాయో యాప్‌లో చూపిస్తాయి. కానీ రేకుల షెడ్డులోంచి లేచి చల్లగదిలోకి నడిచి వెళ్లవు. వేడిగా ఉన్నప్పుడు కాసేపు ఆగమని రైతుకు సర్దిచెప్పలేవు. యాప్ చూపించిన అంకెను చదివి నిర్ణయం తీసుకోవడానికి మనిషి కావాలి. ఆ మనిషికే జీతం.

శిక్షణ సంస్థలకు, కంపెనీలకు కూడా ఒక మాట. పైలట్ పరీక్షలో ఎగరేయడానికి ఇచ్చినంత ప్రాధాన్యం బ్యాటరీ ప్రాక్టికల్‌కు కూడా ఇవ్వండి. ఒక ఆరోగ్యమైన ప్యాక్, ఒక జబ్బు ప్యాక్ ముందు పెట్టి తేడా చెప్పమనండి. కంపెనీలు బ్యాటరీ రిజిస్టర్ లేకుండా కుర్రాళ్లను పొలాలకు పంపకూడదు. బ్యాటరీ ఉబ్బితే జీతంలో కోస్తామని బెదిరించే చోట్లు కూడా ఉన్నాయి. నేర్పకుండా, చల్లని గది ఇవ్వకుండా, జీతం కోయడం న్యాయం కాదు. అలాంటి చోట చేరేముందు 'బ్యాటరీలు ఎక్కడ పెడతారు సర్?' అని మీరే అడగండి. ఆ జవాబుతో కంపెనీ తీరు అర్థమైపోతుంది.

కాలేజీలో ఉండగానే ఏం చేయొచ్చు?

ముందుగా ఒక మల్టీమీటరు కొనుక్కోండి. ఖరీదైనది అక్కర్లేదు. కాలేజీ ల్యాబ్‌లోనో డ్రోన్ క్లబ్‌లోనో ఉన్న చిన్న లైపో ప్యాక్‌ను సార్ ఎదురుగా కొలవండి. ఎగరేయక ముందు, దించాక, గంట తర్వాత ఒక్కో సెల్ ఎంత చూపిస్తోందో రాసుకోండి. బ్యాటరీ మీద లోడు పడగానే వోల్టేజి పడిపోయి, దించాక మళ్లీ కొంచెం పైకి లేవడం మీ కళ్లతో చూస్తే, పుస్తకంలో చదివిన అంతర్గత నిరోధం అనే మాట అప్పుడు అర్థమవుతుంది. చార్జర్ ఆ నిరోధాన్ని మిల్లీఓమ్‌లలో చూపిస్తే అది కూడా రాయండి. నెలనెలా అది పెరుగుతోందంటే బ్యాటరీ ముసలిదవుతోందని అర్థం.

ఒక నోట్‌బుక్ పెట్టండి. తేదీ, ప్యాక్ నంబరు, ఎన్నోసారి చార్జింగ్, మొదలుపెట్టినప్పుడు వోల్టేజి, దిగినప్పుడు వోల్టేజి, సెల్స్ మధ్య తేడా, వేడి, ఏమైనా గమనిక. ఇంతే. మూడు నెలల రికార్డు ఉంటే రెజ్యూమెలో ఒక లైను రాయండి: 'ఆరు లైపో ప్యాక్‌లకు మూడు నెలలు చార్జింగ్, స్టోరేజ్ రికార్డు నిర్వహించాను.' 'హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్' అన్న మాటల కంటే నాలాంటివాళ్లకు ఈ ఒక్క లైను ఎక్కువ చెబుతుంది.

ఈఈఈ వాళ్లయితే చార్జర్లు, జనరేటర్ లెక్క చేసి చూడండి. 50 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లంటే 800 వాట్లు. రెండు చానళ్లయితే 1,600. నష్టాలు కలుపుకుంటే పొలానికి 2 కిలోవాట్లకు పైబడిన జనరేటర్ కావాలి. ఈసీఈ వాళ్లు బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ చదవండి. అగ్రికల్చర్, డిగ్రీ విద్యార్థులకు పంట కాలాలు తెలుసు కాబట్టి ఏ నెలలో ఎన్ని సెట్లు కావాలో ప్లాన్ వేయడం వాళ్లకే బాగా వస్తుంది. ఇది డ్రోన్లకే పరిమితమయ్యే చదువు కూడా కాదు. ఎలక్ట్రిక్ స్కూటర్ సర్వీసింగ్, బ్యాటరీ మార్పిడి కేంద్రాలు, సోలార్ స్టోరేజ్.. ఎక్కడికెళ్లినా లిథియం సెల్ గుణం పెద్దగా మారదు. డ్రోన్ గిరాకీ తగ్గినా ఈ విద్య వృథా కాదు.

నోట్‌బుక్ ఏది సర్?

మళ్లీ ఆ నాలుగు బ్యాటరీల దగ్గరికి వద్దాం. ఒకటి ఫుల్‌గా ఉంటుంది కానీ కొంచెం ఉబ్బి ఉంటుంది. రెండోదీ ఫుల్లే, కానీ ఒక సెల్ మిగతావాటికంటే 0.2 వోల్టులు తక్కువ. మూడోది 3.8 దగ్గర ఆరోగ్యంగా ఉంటుంది. నాలుగోది నిండుగా, అన్ని సెల్సూ సమానంగా ఉంటుంది. నాలుగోదాన్ని తీసుకెళ్లాలి, మూడోదాన్ని పొద్దున చార్జ్ చేసి తీసుకెళ్లాలి, రెండోదాన్ని పరీక్షకు పక్కన పెట్టాలి, మొదటిదాన్ని ఇక ముట్టకూడదు. ఫుల్ ఉన్నవే తీసుకెళ్తానన్నవాళ్లు ఆ రెండు జబ్బు ప్యాకులను కూడా పొలానికి తీసుకెళ్తారన్నమాట.

పోయినసారి ఒక అమ్మాయి వచ్చింది. డిగ్రీ చదివింది, ఫ్లయింగ్ గంటలు మిగతావాళ్లకంటే తక్కువే. నాలుగింటినీ చేత్తో తడిమి, వెలుతురులో పెట్టి వంపు చూసి, సెల్స్ కొలిచి, మొదటి రెండూ పక్కకు జరిపింది. నాలుగోదాన్ని చేతిలోకి తీసుకుని ఆగిపోయింది.

'ఏమ్మా, అది బాగానే ఉంది కదా?' అన్నాను.

'బాగానే ఉంది సర్. కానీ ఇది ఫుల్ చార్జింగ్‌తో ఎన్ని రోజుల్నుంచి ఉంది? వీటి నోట్‌బుక్ ఏది సర్?'

ఆ నోట్‌బుక్ ఇప్పుడు ఆ అమ్మాయి చేతిలోనే ఉంది. మీరు కూడా ఇంటర్వ్యూకు వెళ్లేముందు ఒకటి మొదలుపెట్టండి. కాలేజీలో ఉన్న ఒక్క బ్యాటరీతోనైనా సరే.